నెలలు నిండని బిడ్డ, పంతొమ్మిదేళ్ల తల్లి, ఒకటే గది: ఎక్కడ జాగ్రత్త పడాలి?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా చెల్లెలికి 19 ఏళ్లు. పెద్దపిల్లకు 17 నెలలు. రెండో కాన్పు 34 వారాలకే అయిపోయింది, ఆడపిల్ల. పుట్టినప్పుడు కిలో ఎనిమిది వందల గ్రాములు. పద్నాలుగు రోజులు ఆస్పత్రిలో పసిపిల్లల ప్రత్యేక వార్డులో ఉంచి పంపారు. ఇప్పుడు ఐదు వారాలు, రెండు కిలోల వంద గ్రాములు ఉంది. చెల్లెలు పుట్టింట్లోనే ఉంది, ఇల్లు ఒకటే గది. అమ్మ కూలికి పోతుంది. నాన్నకు బీడీ, రాత్రిళ్లు మందు అలవాటు. పోయిన వారం మా వీధిలో రెండున్నర నెలల బాబు నులక మంచం మీద అమ్మానాన్నల మధ్య పడుకుని తెల్లారేసరికి పోయాడు. గాలి సోకిందని కొందరు, తల్లే నిద్రలో మీద పడిందని కొందరు అంటున్నారు. అప్పట్నుంచి మా చెల్లెలు రాత్రిళ్లు కన్ను మూయడం లేదు. మా బిడ్డకు ఈ ముప్పు ఎక్కువా? పెద్దవాళ్లు చెప్పే ఆవాల దిండు, బోర్లా పడుకోబెట్టడం, చీర ఊయల మంచివేనా? – ఒక అక్క

జవాబు: అవునమ్మా, మీ బిడ్డకు ముప్పు మిగతా పిల్లల కన్నా ఎక్కువే. అయితే ఆ ముప్పులో ఎక్కువ భాగం ఒకే చోట ఉంది: బిడ్డ నిద్రపోయే చోట. అది ఈ రాత్రే, పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోగలిగినది.

ఏడాదిలోపు పిల్లలు ప్రమాదాల వల్ల ఎందుకు పోతున్నారో తెలుసుకోవడానికి అమెరికాలో జనన రికార్డులనూ మరణ రికార్డులనూ జతచేసి చాలా ఏళ్లుగా చూస్తున్నారు. అక్కడ ఇలా పోయిన పసిపిల్లల్లో ఎక్కువమంది రోడ్డు మీదో నీళ్లలోనో పోలేదు, పడుకున్న చోట ఊపిరాడక పోయారు. ఎవరి పిల్లలు ఎక్కువగా పోతున్నారని చూస్తే కొన్ని సంగతులు మళ్లీ మళ్లీ కనబడ్డాయి. తల్లికి ఇరవై ఏళ్లు నిండకపోవడం, చదువు తక్కువ కావడం, ఇంట్లో అప్పటికే చిన్నపిల్లలు ఉండడం, గర్భిణిగా ఉన్నప్పుడు ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్లడం, పొగ. బిడ్డ వైపు నుంచి చూస్తే 37 వారాల లోపు పుట్టడం, రెండున్నర కిలోల లోపు బరువు. మీ ఉత్తరంలో వీటిలో చాలావరకు కనబడుతున్నాయి. అందుకే మొదటి మాటే ‘అవును’ అని రాశాం.

దీన్ని మీ చెల్లెలికి చెప్పేటప్పుడు ఒక సంగతి కలిపి చెప్పండి. ఆ జాబితాలో ఏదీ తల్లి చేసిన తప్పు కాదు. పంతొమ్మిదేళ్లు ఉన్నందుకు బిడ్డ ఊపిరి ఆగదు. ఆ వయసు తల్లి చేతిలో డబ్బు ఉండదు, ఇంట్లో ఆమె మాటకు విలువ ఉండదు, ఏడాదిన్నర పిల్ల ఒక పక్క లాగుతుంటే రాత్రి నాలుగుసార్లు లేచి పాలివ్వాలి. వయసు వల్ల వచ్చే ముప్పు అక్కడుంది. చేయాల్సిన పని రెండు కళ్లకూ, రెండు చేతులకూ మించిపోయింది. కాబట్టి ఈ లెక్కలను ‘ఎవరిది తప్పు’ అని కాకుండా ‘ఎక్కడ ఇంకో మనిషి కావాలి’ అని చదవాలి. మీ ఇంట్లో ఆ ఇంకో మనిషి మీరూ, మీ అమ్మగారూ.

ఇక బిడ్డ సంగతి. ఐదు వారాలైనా, 34 వారాలకు పుట్టింది కాబట్టి ఆమె అసలు పుట్టాల్సిన తేదీ ఇంకా వారం దూరంలోనే ఉంది. మెడ కండరాలకు తల తిప్పుకునే బలం లేదు. శ్వాసనాళం సన్నగా, మెత్తగా ఉంటుంది. గడ్డం గుండెల మీదికి వాలితే వంచిన స్ట్రాలా మూసుకుపోతుంది. ఈ వయసు పిల్లలు దాదాపు ముక్కుతోనే గాలి పీలుస్తారు, ముక్కుకు గుడ్డ అడ్డం పడితే వెంటనే నోరు తెరిచి పీల్చుకోవడం అందరికీ రాదు. పెద్దవాళ్లకు గాలి అందకపోతే ఉలిక్కిపడి లేస్తారు. నెలలు తక్కువ పిల్లల్లో ఆ లేపే వ్యవస్థ ఇంకా తయారై ఉండదు. అందుకే పెనుగులాట ఉండదు, ఏడుపు ఉండదు. పక్కనున్నవాళ్లకు తెలిసే అవకాశమే ఉండదు. నిద్రలో హఠాత్తుగా పోయే పిల్లల్లో ఎక్కువమంది ఒకటి నుంచి నాలుగు నెలల మధ్య పోతారు, ఆరు నెలలు దాటాక ఇది బాగా తగ్గిపోతుంది. మీకు రాబోయే ఐదారు నెలలు ముఖ్యం.

మీ వీధి బాబు పడుకున్న నులక మంచం గురించి చెప్పాలి. నులక గానీ నవారు గానీ వదులైతే మధ్యలో గుంట పడుతుంది. ఇద్దరు పెద్దవాళ్లు చెరో పక్క పడుకున్నా నిద్రలో బరువంతా గుంటలోకే జారుతుంది, మధ్యలో ఉన్న బిడ్డ కూడా అటే దొర్లుతాడు. తల్లి బిడ్డ మీద పడాల్సిన పని లేదు. ఆమె చేయో, చీర కొంగో, దుప్పటి అంచో ముక్కుకు ఆనితే చాలు, ముఖం నులక వైపు తిరిగితే చాలు. మెత్తటి బట్టలో ముఖం పెట్టిన బిడ్డ తాను వదిలిన గాలినే మళ్లీ పీల్చుకుంటూ ఉంటుంది. ఆ బాబుకు సరిగ్గా ఏం జరిగిందో ఇక్కడినుంచి ఎవరూ చెప్పలేరు. పరీక్ష చేయకుండా ‘తల్లే చంపుకుంది’ అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఇప్పుడు మీ గదిలో పడకలు ఎలా వేయాలో చూద్దాం. బిడ్డ తల్లి గదిలోనే, చేయి చాస్తే అందేంత దగ్గరలో, కానీ విడి పడక మీద ఉండాలి. విడి పడక అంటే కొనాల్సిన ఉయ్యాల మంచం కాదు. సమంగా ఉన్న చెక్క బల్ల గానీ, గట్టి చాప గానీ తీసుకుని దాని మీద ఒకే ఒక బొంతను నాలుగు వైపులా కిందికి మడిచి బిగుతుగా పరవండి. అరచేత్తో గట్టిగా నొక్కి తీస్తే గుంట మిగలకూడదు, అదీ పరీక్ష. నాలుగు బొంతలు పేర్చి మెత్తగా చేయకండి. ఆ పడక మీద బిడ్డ తప్ప దిండు, పక్కన ఆనించే చిన్న దిండ్లు, మడతపెట్టిన చీర, బొమ్మ, విడిగా కప్పిన దుప్పటి ఏవీ ఉండకూడదు. చలిగా ఉంటే పైన కప్పడం కన్నా ఒంటికి ఇంకో చొక్కా వేయడం మేలు. దుప్పటి కప్పక తప్పకపోతే పలుచనిది, చంకల కిందివరకే, రెండు వైపులా పడక కిందికి దోపి ఉంచండి.

పల్లెల్లో నేల మీద పడక అంటే పాము, తేలు, చీమల భయం ఉంటుంది, అది నిజమైన భయమే. కట్లపాము నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. అందుకే ఎత్తు తక్కువ చెక్క బల్ల మంచిది. నేల మీదైతే తల్లికీ బిడ్డకూ కలిపి వచ్చేంత దోమతెర కట్టి అంచులు చాపల కిందికి దోపండి. బజార్లో దొరికే గొడుగు దోమతెర పరుపుతో వాడేవాళ్లు అందులోని దిండు తీసేయాలి. పరుపు మెత్తగా ఉంటే అదీ తీసేసి తెర ఒక్కటే వాడాలి. ఊచలు వంగి తెర ముఖం మీదికి జారుతోంటే ఆ రోజే మార్చండి.

వరస ఇలా పెట్టుకోండి: బిడ్డ పడక, పక్కన తల్లి, ఆ తర్వాత మీ అమ్మగారు, ఆమెకు అవతల పెద్దపిల్ల. ఏడాదిన్నర పిల్ల నిద్రలో గిర్రున తిరుగుతుంది, ఆమె కాలు బిడ్డ ముఖం దాకా రాకూడదు. గోడకూ బిడ్డ పడకకూ మధ్య చిన్న సందు వదలకండి, బిడ్డ అందులో ఇరుక్కుంటుంది. పూర్తిగా ఆనించండి, లేదా ఒక అడుగు దూరం ఉంచండి. నాన్నగారు మందు తాగిన రాత్రి గదిలో కాకుండా వసారాలో పడుకోవాలి. దీని మీద బేరం వద్దు. తాగిన మనిషికి తన చేయి ఎక్కడుందో తెలియదు. బీడీ గదిలోనే కాదు, గుమ్మం దగ్గర కూడా వద్దు. తాగొచ్చాక చొక్కా మార్చుకుని చేతులు కడుక్కున్నాకే మనవరాలిని ఎత్తుకోవాలి. పొగ సోకే ఇళ్లలో పిల్లలు నిద్రలో పోవడం ఎక్కువని చాలా దేశాల్లో స్పష్టంగా తేలింది. మీ నాన్నగారికి మీరు చెబితే కోపం రావచ్చు. ఆశా కార్యకర్తో, బిడ్డను చూసిన డాక్టరో నోటితో చెబితే వినే అవకాశం ఎక్కువ. అడిగి చెప్పించండి.

‘మన అమ్మమ్మలంతా పక్కలో వేసుకునే పెంచారు కదా’ అని ఇంట్లో తప్పకుండా అంటారు. నిజమే, నెలలు నిండి మూడు కిలోలతో పుట్టిన బిడ్డ, పొగా మందూ లేని ఇల్లు, గట్టి చాప అయితే ముప్పు చాలా తక్కువ. రెండు కిలోల బిడ్డకు అదే పక్క వేరేగా పనిచేస్తుంది. ఇంట్లో వాళ్లకు ఈ తేడా అర్థమయ్యేలా చెప్పాలి.

రాత్రి పాల దగ్గరే అసలు చిక్కు. కూర్చుని పాలిస్తూ తల్లి కునుకు తీస్తుంది, బిడ్డ రొమ్ముకూ చీరకూ మధ్య చిక్కుతుంది. కుర్చీలోనో సోఫాలోనో కునుకు పడితే అది పడక మీద కన్నా ఇంకా ప్రమాదం. కాబట్టి రాత్రి పాలు తన చాప మీదే, వీపు గోడకు ఆనించి ఇవ్వమనండి. మీరో అమ్మగారో వంతులు వేసుకోండి: బిడ్డ ఏడ్చినప్పుడు అందించడం, పాలు తాగాక తీసుకుని భుజాన వేసి త్రేన్పు తెప్పించి, తిరిగి వెల్లకిలా పడుకోబెట్టడం మీ వంతు. ఒక్కో రాత్రి ఒక్కరు. చెల్లెలి నిద్ర కూడా ఇక్కడే కుదురుతుంది; కాపలా కాసే మనిషి ఉందని తెలిస్తేనే ఆమెకు కన్ను మూతపడుతుంది.

వెల్లకిలా అన్నాం కదా, ఇక మీరడిగిన బోర్లా సంగతి. బోర్లా వద్దు, పక్కకు తిప్పి కూడా వద్దు. పక్కకు పడుకోబెట్టిన బిడ్డ చిన్న కదలికకే బోర్లా పడుతుంది. వెల్లకిలా పడుకుంటే పాలు కక్కి గొంతుకు అడ్డం పడతాయని పెద్దలు భయపడతారు. జరిగేది దానికి తిరగేసి. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి, కక్కిన పాలు కిందికే జారతాయి. బోర్లా పడుకుంటే శ్వాసనాళమే కిందికి వస్తుంది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 1992లో బోర్లా వద్దని చెప్పింది, 1994లో దేశమంతా ప్రచారం మొదలైంది, పదేళ్లు తిరగకుండానే నిద్రలో హఠాత్తుగా పోయే పిల్లల సంఖ్య సగానికి తగ్గింది. మందు లేదు, యంత్రం లేదు, పడుకోబెట్టే తీరు ఒక్కటే మారింది. ఆస్పత్రి వార్డులో మీ బిడ్డను నర్సులు బోర్లా వేసి ఉండవచ్చు. అక్కడ ఊపిరినీ గుండెనూ చూసే యంత్రం తగిలించి ఉంటుంది, మీ ఇంట్లో ఉండదు. మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని చూస్తున్నప్పుడు రెండు మూడు నిమిషాలు బోర్లా వేయండి, మెడకు బలం వస్తుంది.

ఆవాల దిండు తల గుండ్రంగా రావడానికి అంటారు. దిండు ఏదైనా తలను ముందుకు వంచి గడ్డాన్ని గుండెల మీదికి నెడుతుంది, కుట్టు ఊడితే ఆవాలు నోట్లోకీ ముక్కులోకీ పోతాయి. తల ఆకారం కోసం అయితే పడుకోబెట్టినప్పుడల్లా ముఖాన్ని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిప్పండి, అంతే చాలు. చీర ఊయలలో బిడ్డ వీపు విల్లులా వంగుతుంది, గడ్డం గుండెలకు ఆనుతుంది, చీర రెండు వైపులా ముఖం మీదికి మూసుకుంటుంది. మీ బిడ్డకు మెడ నిలిచేదాకా అందులో నిద్ర వద్దు. బారసాల నాడు ఉయ్యాలలో వేయడం మానుకోమని కాదు. వేసి, పాట పాడి, ముఖం కనబడేలా పక్కనే నిలబడి, నాలుగు నిమిషాల్లో తీసేయండి. తర్వాతైనా ఉయ్యాల కావాలంటే అడుగు చదునుగా ఉన్న చెక్క తొట్టి మంచిది, కొక్కెం ఒక పెద్ద మనిషి వేలాడినా ఊడనంత గట్టిగా ఉండాలి, ఎత్తు నేల నుంచి మోకాలి దాకా మించకూడదు. పెద్దపిల్ల చేతికి ఉయ్యాల తాడు ఇవ్వకండి.

మెడలో దిష్టి తాడు, తాయెత్తు, నల్లపూసలు తీసేయండి. మొలతాడు రెండు వేళ్లు దూరేంత వదులుగా ఉంటే ఇబ్బంది లేదు. దిష్టికి అరికాలి మీద చుక్క పెడితే సరిపోతుంది, చొక్కాకు పిన్నీసు వద్దు. పొత్తిగుడ్డలు చుట్టేటప్పుడు బిడ్డ ఛాతీ దగ్గర మీ చేయి దూరాలి, తుంటి దగ్గర కాళ్లు కదలాలి. పొర్లడం మొదలైన రోజు నుంచి చుట్టడం ఆపేయాలి. ముక్కులో నూనె చుక్కలు, ముక్కు మూసి ఆముదం పోయడం, వస నాకించడం పూర్తిగా మానండి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, అది తేలిగ్గా తగ్గేది కాదు. స్నానం సంగతి డాక్టరును అడగండి, బరువు పెరిగేదాకా తడిగుడ్డతో తుడవడమే మేలంటారు. నీళ్లు పోసే రోజు వచ్చాక ముందు చన్నీళ్లు, తర్వాత వేన్నీళ్లు కలపండి, మోచేయి ముంచి చూడండి. సాంబ్రాణి పొగ వద్దు. మూసిన గదిలో కుంపటి అసలే వద్దు. దాని నుంచి వచ్చే వాసన లేని విషవాయువు ఇంట్లో అందరి ప్రాణమూ తీయగలదు.

మరి వెచ్చదనం ఎలా అంటే, తక్కువ బరువు పిల్లలకు అన్నిటికన్నా మంచి కుంపటి మనిషి ఛాతీ. ఆస్పత్రిలో కంగారూ సంరక్షణ నేర్పించే ఉంటారు, ఇంటికొచ్చాక చాలామంది మానేస్తారు. రోజులో వీలైనంత ఎక్కువసేపు, కనీసం ఎనిమిది గంటలు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. టోపీ, లంగోటీ తప్ప మిగతా ఒంటికి బట్ట లేకుండా బిడ్డను రొమ్ముల మధ్య నిటారుగా, కప్పలా కాళ్లు విడిగా పెట్టి, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కాస్త పైకి ఉండేలా చూసి గుడ్డతో కట్టాలి. గుడ్డ పై అంచు బిడ్డ చెవి కిందికి రావాలి, ముక్కూ నోరూ ఎప్పుడూ మీకు కనబడాలి. కూర్చున్నా వాలినా వీపు ఏటవాలుగా ఉండాలి. కట్టు లేకుండా ఊరికే ఛాతీ మీద వేసుకుని నిద్రపోకూడదు. మీరు చేయవచ్చు, అమ్మమ్మ చేయవచ్చు, బిడ్డ తండ్రి వస్తే ఆయనా చేయవచ్చు. అలా వంతులు పంచుకుంటే చెల్లెలికి పగలు రెండు గంటల నిద్ర దొరుకుతుంది. బిడ్డకు చలి చేసిందో లేదో చూడటానికి పొట్ట, పాదం రెండూ తాకండి. పొట్ట వెచ్చగా, పాదం చల్లగా ఉంటే ఇంకొంచెం వెచ్చదనం కావాలి. రెండూ చల్లగా ఉంటే వెంటనే ఛాతీకి హత్తుకుని, పాలు పట్టి, ఆస్పత్రికి బయలుదేరండి. ఎండాకాలం వస్తే దీనికి తిరగేసి, స్వెటరూ మేజోళ్లూ వేసి ఉడకబెట్టకండి. మెడ వెనక చెమట పట్టిందంటే ఒక పొర తీయాలి.

పెద్దపిల్ల గురించి మీరు అడగలేదు, మేం అడగకుండానే చెబుతున్నాం. బకెట్టు ప్రమాదం ఈ ఇంట్లో ఇవాళ్టికివాళ ఆమెకే ఉంది. ఆ వయసులో తల బరువెక్కువ, బకెట్టులోకి తొంగిచూస్తే తలకిందులుగా పడిపోతారు, తిరిగి లేవలేరు. రెండు మూడు అంగుళాల నీళ్లు చాలు. వాడాక బకెట్టు బోర్లించాలి, తొట్టికీ సంపుకూ మూత ఉండాలి. కిరోసిన్, పురుగుమందు తాగే నీళ్ల సీసాల్లో పోసి ఉంచకండి. ఎవరైనా తాగితే వాంతి చేయించకండి, 108కి ఫోన్ చేసి సీసాతో సహా ఆస్పత్రికి వెళ్లండి. ఇంకోటి, ఈ వయసు పిల్ల తాను తినేదాన్ని ప్రేమగా చెల్లెలి నోట్లో పెడుతుంది. పల్లీ గింజ, శనగ గింజ, కొబ్బరి ముక్క. కాబట్టి తల్లి స్నానానికి వెళ్లిన పది నిమిషాలు కూడా ఇద్దరినీ ఒంటరిగా వదలకండి. ఎవరూ లేకపోతే పెద్దదాన్ని తనతో తీసుకెళ్లమనండి.

మరో రెండు మూడు వారాల్లో ఏడుపు పెరుగుతుంది. నెలలు నిండిన పిల్లల్లో ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఏడుపు బాగా ఎక్కువ, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. మీ బిడ్డకు ఆరు వారాలు ఆలస్యంగా లెక్కేసుకోండి. పాలు పట్టినా, గుడ్డ మార్చినా, ఎత్తుకున్నా గంటల తరబడి ఏడ్చే సాయంత్రాలు వస్తాయి. ఆ సమయంలో ఎవరో ఒకరు విసిగిపోయి రెండు చేతులతో పట్టుకుని కుదుపుతారు. ఆ కొన్ని సెకన్లలోనే మెదడులో రక్తనాళాలు తెగుతాయి, పైకి దెబ్బ కనబడదు. చెల్లెలికీ, ఆమె భర్తకూ, మీ నాన్నకూ ముందే చెప్పి ఉంచండి: కోపం తలకెక్కిందనిపిస్తే బిడ్డను ఆ గట్టి పడక మీద వెల్లకిలా పెట్టి, బయటికి వెళ్లి పది నిమిషాలు నిలబడండి. ఏడుపుతో బిడ్డ చచ్చిపోదు. ఏడుపుతో పాటు జ్వరం, పాలు తాగకపోవడం, డొక్కలు ఎగరేయడం ఉంటే అప్పుడు ఆస్పత్రి.

చెల్లెలు రాత్రుళ్లు నిద్రపోకపోవడం భయం వల్లే కావచ్చు. కానీ బిడ్డ పడుకున్నా, మీరు కాపలా ఉన్నా నిద్ర రాకపోవడం, ఊరికే కన్నీళ్లు, తిండి మీద ధ్యాస లేకపోవడం, ‘నా వల్ల కాదు, ఇది నా దగ్గర బతకదు’ అనే మాటలు రెండు వారాలకు మించి ఉంటే అది కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటు, చికిత్సతో తగ్గుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా, డబ్బు అక్కర్లేదు. బిడ్డనో తననో ఏదైనా చేసుకుంటానన్న మాట వస్తే ఆమెను ఒక్క క్షణం ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇక జరగరానిది జరిగితే ఏం చేయాలో ఇంట్లో ముగ్గురైనా నేర్చుకోండి. బిడ్డ కదలడం లేదు, అరికాలు తట్టినా స్పందన లేదు, ఊపిరి లేదు. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాలి. ఇంకొకరు బిడ్డను గట్టి చోట వెల్లకిలా పెట్టి, ముక్కు పైకప్పును చూసేలా తల సరిచేయాలి. మెడను బాగా వెనక్కి విరవకూడదు. మీ నోటితో బిడ్డ ముక్కునూ నోటినీ కలిపి మూసి, బుగ్గల్లో పట్టేంత గాలి మాత్రమే మెల్లగా రెండుసార్లు ఊదండి, ఛాతీ లేవాలి. తర్వాత రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టుకుని రెండు బొటనవేళ్లతో ఛాతీ మధ్య, చనుమొనల గీత కాస్త కిందుగా, ఛాతీ మందంలో మూడో వంతు లోపలికి పోయేలా నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగం. ముప్పై నొక్కుళ్లకు రెండు ఊపిరులు, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా. గొంతులో ఏదైనా అడ్డం పడి ఏడుపు రాకపోతే, బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని భుజాల మధ్య అరచేతి మొదలుతో ఐదు దెబ్బలు, తిప్పి ఛాతీ మధ్య ఐదు నొక్కుళ్లు, బయటికి వచ్చేదాకా మార్చి మార్చి. స్పృహ తప్పితే పైన చెప్పిన ఊపిరీ నొక్కుళ్లూ మొదలుపెట్టాలి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకకండి, ఇంకా లోపలికి పోతుంది. ఒక బొమ్మ మీద చేసి చూపించమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సును అడగండి. చదివితే రాదు, చేస్తేనే వస్తుంది.

ఆశా కార్యకర్త ఆస్పత్రి కాన్పు అయిన ఇంటికి 42 రోజుల్లోపు ఆరుసార్లు రావాలి. మీకు మిగిలింది 42వ రోజు రాక. ఆ రోజు బిడ్డను తూచి వెళ్లిపోనివ్వకండి. బిడ్డ పడుకునే చోటు చూపించండి, నాన్నగారి ముందే బీడీ, మందు మాట ఎత్తించండి. ఆ తర్వాత మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు మళ్లీ వస్తారు. 42వ రోజు వచ్చినప్పుడే కుటుంబ నియంత్రణ గురించి కూడా అడగండి. పెద్దపిల్లకు ఎనిమిది నెలలు నిండేసరికే చెల్లెలు మళ్లీ గర్భిణి అయింది. కాన్పుకూ తర్వాతి గర్భానికీ మధ్య కనీసం రెండేళ్లు ఉండాలి; ఎడం తగ్గితే బిడ్డ నెలలు నిండకుండా పుట్టే అవకాశం పెరుగుతుంది. గర్భం రాకుండా వాడే ఛాయ మాత్రలను పాలిచ్చే తల్లి ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజక్షన్ అయితే కాన్పైన ఆరు వారాల తర్వాత. రెండూ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. ఇరవై ఏళ్లైనా నిండకముందే ఆపరేషన్ చేయించేయమని ఎవరైనా తొందరపెడితే ఆగమనండి.

అత్తగారింటికి పంపేటప్పుడు బైకు మీద పంపకండి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలకు బైకు మీద హెల్మెట్, నడిపేవాళ్లకు కట్టి ఉంచే పట్టీ, 40 కిలోమీటర్లు దాటని వేగం తప్పనిసరి అని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. తొమ్మిది నెలల లోపు పిల్లలకు హెల్మెట్టే లేదంటేనే అర్థమవుతుంది, ఆ తలకు ఆ బండి తగదని. బస్సు గానీ ఆటో గానీ చూడండి, ఆటోలో మధ్యలో కూర్చుని ఛాతీకి కట్టుకోవాలి. కారైతే ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోకూడదు. అక్కడికి వెళ్లాక ఈ పడక ఏర్పాటు మళ్లీ మొదటినుంచీ చేయాలి, కాబట్టి ఆ బల్లా బొంతా దోమతెరా మూటతో పాటే పంపండి, మీరు కూడా రెండు రాత్రులు తోడు ఉండి రండి.

చివరగా, మీ వీధిలో ఆ తల్లి. ఆమెకు పాలు ఇంకా పడుతూనే ఉంటాయి, రొమ్ములు రాళ్లలా గడ్డకట్టి నొప్పి పెడతాయి, సిగ్గుతో ఎవరికీ చెప్పదు. చల్లటి గుడ్డ వేయమనండి, నొప్పి తగ్గేంత మేరకే కొంచెం పిండమనండి, పూర్తిగా ఖాళీ చేస్తే మళ్లీ పడతాయి. జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ‘మీద పడింది’ అనే మాట మీ ముందు ఎవరన్నా అంటే అక్కడే ఆపండి. ఆ 14416 నంబరు ఆమె భర్త ఫోన్లో కూడా వేసి ఇవ్వండి.